పిక్కలు నేర్చుకున్న సుఖం

“ఫ్లాట్స్ వేసుకున్న రోజే నాకు పిక్కలు పీకతా ఉండాయి మేడం. హీల్స్‌తో అయితే ఏ బాధా లేదు.” తిరుపతిలో హోటల్ రిసెప్షన్‌లోనో, నగల దుకాణం కౌంటర్ దగ్గరో నాలుగైదేళ్లు పనిచేసిన అమ్మాయిని కదిలిస్తే ఇలాంటి మాటే వినిపిస్తుంది. వినేవాళ్లకు నవ్వొస్తుంది. మూడంగుళాల మడమ మీద పగలంతా నిలబడి హాయిగా ఉందంటే ఎవరు నమ్ముతారు? షోకు చంపుకోలేక అంటోందనుకుంటారు. ఆమె మాత్రం అబద్ధమాడటం లేదు. ఆ మాటకు సాక్ష్యం ఆమె పిక్కల్లోనే ఉంది. అల్ట్రాసౌండ్ పెట్టి చూస్తే కనబడుతుంది, మిల్లీమీటర్లలో కొలవొచ్చు కూడా.

2010లో అలా కొలిచినవాళ్లు వియన్నాకు చెందిన రాబర్ట్ చాపో, మాంచెస్టర్‌లో పనిచేస్తున్న మార్కో నారిచి, వాళ్ల సహచరులు. కనీసం అయిదు సెంటీమీటర్ల మడమలు, వారానికి అయిదు రోజులకు తక్కువ కాకుండా, రెండేళ్లకు పైగా వేసుకున్న ఆడవాళ్లను ఎంచుకున్నారు. మామూలు చెప్పులు వేసుకునేవాళ్లను పక్కన పెట్టి పోల్చారు. హీల్స్ వేసేవాళ్ల పిక్క కండరంలో పోగులు దాదాపు 13 శాతం పొట్టిగా ఉన్నాయి. పిక్కను మడమ ఎముకకు కట్టి ఉంచే అకిలిస్ స్నాయువు మందంగా, బిరుసుగా మారింది. బలం మాత్రం తగ్గలేదు. చీలమండ వంగే మేర తగ్గింది.

ఇందులో మాయేమీ లేదు. కండరపు పోగంటే చిన్న చిన్న సంకోచ ఖండాలు వరసగా అతుక్కున్న దారం. మడమ ఎప్పుడూ పైకి లేచే ఉంటే పిక్క ఎప్పుడూ కుదించుకునే ఉంటుంది. వాడకంలో లేని పొడవును శరీరం ఊరికే మోయదు, కొన్ని ఖండాలను తీసేస్తుంది. కాలికి కట్టు కట్టి కండరాన్ని పొట్టి స్థితిలో కొన్ని వారాలు కదలకుండా ఉంచితే ఖండాల సంఖ్య తగ్గుతుందని 1970లలోనే పిల్లుల మీద చేసిన ప్రయోగాల్లో తేలింది. ఇక్కడ కట్టు బదులు చెప్పు. ఇలా పొట్టిదైన పిక్కను ఒకరోజు ఉన్నట్టుండి చదును చెప్పులోకి దించితే, తనకు లేని పొడవుకు సాగాల్సి వస్తుంది. ఆ అమ్మాయి చెప్పే పీకుడు అదే.

కాబట్టి హీల్స్ మానాలనుకున్నవాళ్లు ఒక్కరోజులో మానకూడదు. మూడంగుళాల నుంచి రెండుకు, రెండు నుంచి ఒకటికి, నెలల మీద దిగాలి. పొద్దున, సాయంత్రం మెట్టు అంచున మునివేళ్ల మీద నిలబడి, గోడ పట్టుకుని, మడమలను మెల్లగా కిందికి వదలాలి. పోయిన పొడవు మళ్లీ పెరుగుతుంది. కండరం సర్దుకుపోయే గుణం రెండు దిక్కులా పనిచేస్తుంది.

ఎత్తు గురించి కొంచెం లెక్క వేసుకుందాం. మడమ నుంచి బొటనవేలి మొదలు దాకా దూరం సుమారు 17 సెంటీమీటర్లు అనుకుంటే, రెండంగుళాల చెప్పు పాదాన్ని 17 డిగ్రీల వాలు మీద నిలబెడుతుంది. మూడంగుళాలకు ఆ వాలు 27 డిగ్రీలు, నాలుగంగుళాలకు 37. అంగుళం మీద అంగుళం పెంచుతున్నామనుకుంటాం గానీ పాదానికి తెలిసేది వాలే. అందుకే ముందు భాగం కూడా అంగుళం మందం ఉండే ప్లాట్‌ఫాం రకం చూడటానికి భయంకరంగా ఉన్నా, అంతే ఎత్తున్న పెన్సిల్ హీల్ కంటే పాదాన్ని తక్కువ వాలుస్తుంది. బెణికే ప్రమాదం మాత్రం దానికీ తక్కువేం కాదు. చీలమండ నేలకు దూరమైన కొద్దీ పక్కకు ఒరిగే అవకాశం పెరుగుతుంది.

ఇక పెన్సిల్ హీల్ కొస. యాభై కిలోల మనిషి ఒక్క క్షణం తన బరువంతా ఒక చదరపు సెంటీమీటరు కొస మీద మోపితే, ఆ చోట ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు 50 కిలోలు. కారు టైరులో గాలి ఒత్తిడి రెండు కిలోల పైచిలుకు ఉంటుంది, అంతే. అలాంటి చెప్పు రిపేరుకు వచ్చినప్పుడు రోడ్డు పక్క చెప్పులు కుట్టే ఆయన చేతిలో చూడండి. కొసన ఉండే ప్లాస్టిక్ బిళ్ల వెనక, బయటి వైపు ఏటవాలుగా అరిగిపోయి లోపలి ఇనుప మేకు తల బయటికొచ్చి ఉంటుంది. ఆయన దాన్ని పట్టకారుతో పీకి కొత్త బిళ్ల కొడతాడు. ఆ తర్వాత చెప్పును బండ మీద నిలబెట్టి వేలితో నొక్కి చూస్తాడు. ఊగితే పెదవి విరుస్తాడు. అరికాలి వంపు కింద, అట్టల మధ్య ఒక ఉక్కు పట్టీ ఉంటుంది. అది వంగిందంటే ఎన్ని బిళ్లలు మార్చినా లాభం లేదు. 1950లలో సన్నటి పొడవాటి మడమ పుట్టిందే ఉక్కు దయవల్ల. మడమలోకి ఉక్కు కడ్డీ వచ్చేదాకా ఒట్టి చెక్కతో అంత సన్నగా చేస్తే విరిగిపోయేది.

మోకాలి సంగతి చూస్తే అసలు ఆశ్చర్యం అక్కడుంది. హార్వర్డ్‌లో కేసీ కెరిగన్ అనే వైద్యురాలు 1998లో ఇరవైమంది ఆరోగ్యవంతులైన ఆడవాళ్లను హీల్స్‌తోనూ, వట్టి కాళ్లతోనూ నడిపించి, మోకాలి మీద పడే మెలిబలాన్ని కొలిచింది. మోకాలి లోపలి వైపు, అంటే కీళ్లవాతం ఎక్కువగా పట్టే చోట, హీల్స్‌తో ఆ బలం సగటున 23 శాతం పెరిగింది. అయితే పెన్సిల్ హీల్ మానేసి వెడల్పాటి బ్లాక్ హీల్ వేసుకుంటే సరి కదా? 2001లో ఆమె అదీ చూసింది. సన్న మడమతో 22 శాతం, వెడల్పు మడమతో 26 శాతం. బ్లాక్ హీల్ మీద నిలకడగా, భయం లేకుండా నడుస్తాం, ఎక్కువసేపు వేసుకుంటాం. మోకాలు మాత్రం సన్నమా, వెడల్పా అని చూడదు. దుకాణాల్లో “ఇది బ్లాక్ హీల్ అమ్మా, నొప్పులుండవు” అని అమ్మే మాటలో నిజం అరికాలి దాకానే.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. మెలిబలం పెరగడం, కీళ్లవాతం రావడం ఒకటి కావు. హీల్స్ వేసుకున్నవాళ్లందరికీ మోకాళ్లు అరుగుతాయని గట్టిగా చెప్పగల సాక్ష్యం ఇంకా లేదు. నడుము సంగతీ అంతే. హీల్స్ వేస్తే నడుము వంపు పెరుగుతుందని పత్రికల ఆరోగ్య పేజీలు ఏళ్ల తరబడి రాస్తున్నాయి. కొలిచి చూసినవాళ్లలో కొందరికి పెరిగినట్టు, కొందరికి తగ్గినట్టు, మరికొందరికి ఏ తేడా లేనట్టు కనిపించింది. మగవాళ్లు హీల్స్ వేసుకున్న ఆడవాళ్లకు ఎక్కువ సాయం చేస్తారని ఒక ఫ్రెంచ్ పరిశోధకుడు ప్రకటించిన ఫలితాలు ప్రపంచమంతా షికారు చేశాయి. ఆ పరిశోధకుడి అంకెల మీద తోటి శాస్త్రవేత్తలు సందేహాలు లేవనెత్తారన్న వార్త అంత దూరం పోలేదు.

వేళ్ల దగ్గర సందేహాలు తక్కువ. వాలు మీద నిలబెట్టిన పాదం ముందుకు జారి మొనదేరిన చెప్పు కొసలో ఇరుక్కుంటుంది, బొటనవేలు పక్కవేలి మీదికి ఒరుగుతుంది. హాంకాంగ్‌లో చేసి 1958లో అచ్చయిన పరిశీలన ఒకటుంది. బూట్లు వేసుకునేవాళ్లలో 33 శాతం మందికి ఈ బొటనవేలి ఒంపు కనిపిస్తే, చెప్పులే ఎరగనివాళ్లలో అది 2 శాతం దరిదాపుల్లో ఉంది. మన ఆడవాళ్లకు ఇంకో చిక్కు. మెట్టెలు పెట్టేది రెండో వేలికి. ఇరుకు చెప్పులో బొటనవేలు వచ్చి ఆ వెండి అంచునే ఒరుసుకుంటుంది. అటు మూడో వేలు. ఏడాది తిరిగేసరికి అక్కడ ఆనె కడుతుంది. మెట్టెలు తీయకూడదు, చెప్పు మార్చుకోవాలంటే జీతం పడాలి. మధ్యలో వేలు నలుగుతుంది.

నొప్పి గురించి లోతుగా ఆలోచించిన మనిషి ఒకాయన మాకు కూతవేటు దూరంలోనే పనిచేశాడు. చిత్తూరు నుంచి గంట ప్రయాణంలో ఉన్న వేలూరు సి.ఎం.సి.కి పాల్ బ్రాండ్ 1946లో వచ్చాడు. కుష్ఠురోగుల కాళ్లు కుళ్లి ఊడిపోతాయని అందరూ అనుకునే రోజులవి. కాళ్లు వాటంతటవి కుళ్లడం లేదని, స్పర్శ పోవడంతో రాయి గుచ్చుకున్నా తెలియక అదే చోట మళ్లీ మళ్లీ బరువు మోపి రోగులు తమ పాదాలను తామే నలిపేసుకుంటున్నారని ఆయన చూపించాడు. బాగున్న పాదానికి నొప్పి తెలుస్తుంది కాబట్టి మనకు తెలియకుండానే నడక మార్చుకుంటాం, బరువు అటూ ఇటూ మారుస్తాం. ఆయన కాలంలో వేలూరు, కరిగిరి ఆసుపత్రుల్లో రూపుదిద్దుకున్న మెత్తటి సూక్ష్మరంధ్రాల రబ్బరు చెప్పులే ఇప్పుడు షుగరున్నవాళ్లకు డాక్టర్లు రాసిచ్చే ఎం.సి.ఆర్. చెప్పులు. బ్రాండ్ లెక్కలో సుఖమైన చెప్పు అంటే నొప్పి చెప్పిన మాట వినే వీలు మనిషికి ఉంచే చెప్పు. కౌంటర్ వెనక ఎనిమిది గంటలు నవ్వుమొహంతో నిలబడాల్సిన మనిషికి నొప్పి తెలుస్తుంది. వినే వీలే ఉండదు.

గంటల విషయంలో మన ఊళ్ల అలవాటు ఒకటి కాళ్లను కాపాడుతోంది. ఇంటి గడప దగ్గర చెప్పులు విడుస్తాం. గుడి ముందు, పంతులుగారి ఇంటి ముందు, చాలా క్లినిక్‌ల ముందు, హాస్టల్ గది ముందు, చివరికి కొన్ని బట్టల కొట్ల ముందు కూడా విడుస్తాం. తిరుమలలో మాడవీధుల్లోకి చెప్పులు రానివ్వరు. పాశ్చాత్య దేశాల్లో పొద్దున కట్టిన బూటు రాత్రికి విప్పేవాళ్లతో పోలిస్తే మన పాదానికి రోజులో ఎన్నో విరామాలు. ఈ విరామాలకు విలువ ఉందనడానికి ఆధారం పిల్లల దగ్గర దొరికింది. మణిపాల్ వైద్యులు ఉదయభాస్కరరావు, బెంజమిన్ జోసెఫ్ 1992లో 2,300 మంది పిల్లల పాదముద్రలు పరిశీలించారు. బూట్లు, చెప్పులు వేసుకునేవాళ్లలో 8.6 శాతానికి అరికాలి వంపు లేదు. ఉత్తకాళ్ల పిల్లల్లో అది 2.8 శాతమే.

ఈ విరామం దొరకని సందర్భం ఒకటుంది. పెళ్లి రిసెప్షన్. ముహూర్తానికి పెళ్లికూతురు వట్టి కాళ్లతోనే ఉంటుంది, పసుపు పారాణితో. రిసెప్షన్‌కి వచ్చేసరికి పెళ్లికొడుకు భుజం దాకానైనా రావాలని నాలుగంగుళాల హీల్స్ వేయిస్తారు. చీర కట్టే ఆమె ముందు హీల్స్ తొడిగించి, నిలబెట్టి, అంచు నేలను తాకీ తాకనట్టు కుచ్చిళ్లు పోసి పిన్నులు కొడుతుంది. ఆ పిన్నులు పడ్డాక చెప్పులు విప్పే దారి మూసుకుపోయినట్టే. విప్పితే చీర నాలుగంగుళాలు నేల మీద పడి కాలికి అడ్డుపడుతుంది. స్టేజీ మీద మూడు గంటలు, ఫొటో ఫొటోకీ లేచి నిలబడటం. కింద ఆ చెప్పులు ఒక్క ఫొటోలోనూ కనబడవు. ఎత్తే కనబడుతుంది.

ఎత్తు మడమ ఆడదాని సొత్తుగా పుట్టలేదు. పారశీక రౌతులు రికాబులో కాలు జారకుండా వేసుకున్న మడమ బూటు పదిహేడో శతాబ్దంలో యూరప్ దొరలకు మోజైంది. ఫ్రాన్సు రాజు పద్నాలుగో లూయీ ఎర్ర మడమలు తన కొలువులోని వాళ్లకే అన్నాడు. మగవాళ్లు దాన్ని విడిచేశాక అది ఆడవాళ్ల దగ్గర మిగిలింది. మన దగ్గర రామప్ప గుడి మదనికల్లో ఒకామె ఎత్తు చెప్పులు వేసుకుని ఉంటుందని గైడ్లు ప్రతి యాత్రికుడికీ చూపిస్తారు. ఆ గుడి 1213 నాటిది. కాకతీయుల కాలంలో ఆడవాళ్లు హీల్స్ వేసేవాళ్లని దాన్నుంచి తేల్చడం కుదరదు. ఒక శిల్పికి అలా తోచిందని మాత్రం చెప్పొచ్చు.

స్త్రీవాదులు హీల్స్‌ని ఒకే కంటితో చూడలేదు. 1968 సెప్టెంబరు 7న అమెరికాలోని అట్లాంటిక్ సిటీలో అందాల పోటీకి నిరసనగా వచ్చిన ఆడవాళ్లు ఒక చెత్తడబ్బా పెట్టి అందులో బ్రాలు, నడుము బిగింపు పట్టీలు, నేల తుడిచే కర్రలతో పాటు ఎత్తు మడమల చెప్పులూ పడేశారు. సుసాన్ బ్రౌన్‌మిల్లర్ 1984లో రాసిన ‘ఫెమినినిటీ’లో ఈ చెప్పులను చీనా ఆడపిల్లల పాదాలు కట్టేసిన ఆచారం సరసన నిలబెట్టింది. మరో పక్క లిండా స్కాట్ లాంటివాళ్లు, అలంకారాన్ని ఈసడించుకోవడం కలిగిన ఇంటి ఆడవాళ్లకు చెల్లుతుంది, పొద్దస్తమానం పనిచేసే అమ్మాయికి తన జీతంతో కొనుక్కున్న చెప్పుల్లో ఉన్న సంబరాన్ని మీరెవరు తప్పుపట్టడానికి అని నిలదీశారు. తెలుగులో ఓల్గా ‘రాజకీయ కథలు’ ఆడవాళ్ల శరీరాన్ని, జడ నుంచి ముక్కుపుడక దాకా, రాజకీయం నడిచే చోటుగా చూపించాయి. ఆ చూపుతోనే పాదాన్నీ చూడొచ్చు.

నొప్పిని కోరి తెచ్చుకునే మనిషిని తెలివితక్కువవాళ్లనలేం, ముఖ్యంగా తిరుపతిలో బతికేవాళ్లం. అలిపిరి నుంచి 3,550 మెట్లు, తొమ్మిది కిలోమీటర్ల దారి, వట్టి కాళ్లతో ఎక్కేవాళ్లను రోజూ చూస్తాం. ప్రతి మెట్టుకూ వంగి పసుపు కుంకుమ పెట్టే ఆడవాళ్లను, మోకాళ్ల పర్వతం దగ్గర మోకాళ్ల మీద పాకే పెద్దవాళ్లను చూస్తాం. వాళ్లది బాధ కాదని ఎవరూ అనరు. అయితే ఆ బాధకు కొండపైన ఒక ముగింపుంది, మొక్కు మొక్కుకున్నదీ తీర్చేదీ ఒకే మనిషి, మధ్యలో బస్సెక్కితే జీతం కోసేవాళ్లు లేరు. పండక్కి సరదాగా హీల్స్ వేసుకునే అమ్మాయి వీళ్లకే దగ్గర చుట్టం. ఆమె పిక్కలకు ఏమీ కాదు. ఒక్క సాయంత్రానికి కండరం పొట్టి కాదు.

తేలని చిక్కు మొదట చెప్పిన అమ్మాయి దగ్గరుంది. నాకిదే సుఖం అంటోంది కదా, ఇంక వాదనెందుకు? తత్వవేత్త మార్తా నుస్‌బామ్ 2000లో రాసిన ‘విమెన్ అండ్ హ్యూమన్ డెవలప్‌మెంట్’లో మన మహబూబ్‌నగర్ ఆడవాళ్ల ప్రస్తావన ఉంది. తిండి చాలక, మంచి నీళ్లు లేక బతుకుతున్నా, అది మారగలిగే పరిస్థితి అని ఎవరో వచ్చి మాట కలిపేదాకా వాళ్లకు అందులో తప్పేమీ కనిపించలేదట. దొరికినదానికి కోరిక కుంచించుకుపోవడం గురించి ఆమె రాసింది. ఆ వాదన చదువుతుంటే చాపో కొలిచిన పిక్కలు గుర్తొస్తాయి నాకు. మనసులో జరిగేదాన్ని కొలవలేం. పిక్కలో మాత్రం కుంచించుకుపోవడం మిల్లీమీటర్లలో ఉంది. అమ్మాయి చెప్పిన సుఖం నిజమే, దాన్ని తయారుచేసింది నాలుగేళ్ల డ్యూటీ అన్నదీ నిజమే. ఆమె మాటను కొట్టిపారేసే స్త్రీవాదం నాకు రుచించదు. ఆ మాటతో సరిపెట్టుకుని చేతులు దులుపుకునేదీ రుచించదు.

ఇంకో మాట. మా సీమలో చెప్పుల రాజకీయం మడమ ఎత్తుతో మొదలు కాలేదు, అసలు చెప్పులుండటంతో మొదలైంది. పెద్ద కులాల వీధిలో దళితులు చెప్పులు చేతబట్టుకుని నడిచిన రోజులను చూసినవాళ్లు ఇంకా బతికే ఉన్నారు. ఆడవాళ్లకైతే వేరుశనగ చేలో ముళ్ల మీద నడవడానికి కూడా చెప్పులు లేని కాలం. చెప్పులేసుకుని టకటకా నడిచే కోడలిని చూసి మూతి విరిచిన ఊళ్లు అవి. అలాంటి ఇంటి మనవరాలు మహిళా యూనివర్సిటీలో చదివి హీల్స్ మీద ఇంటర్వ్యూకి పోతే, ఆ టకటకలో వాళ్ల అవ్వకు వినిపించేది వేరు.

ఇక చెప్పు కొలతల సంగతి. మనం కొనే సైజులు ఇంగ్లండు, అమెరికా, యూరప్ పాదాలకు కుదిరినవి. చెన్నైలోని కేంద్ర తోళ్ల పరిశోధన సంస్థ 2021 డిసెంబరు నుంచి 2022 మార్చి దాకా దేశంలో 79 చోట్ల 1,01,880 మంది పాదాలను కొలిపించి, ‘భ’ అనే భారతీయ సైజు పద్ధతిని ప్రతిపాదించింది. మన పాదాలు వెడల్పు అని తేలింది. ఆ వెడల్పు పట్టక ఒక సైజు పెద్దది కొంటాం. మామూలు చెప్పులో అది కొంచెం వదులు, అంతే. ఎత్తు మడమల చెప్పులో వాలు మీదున్న పాదం వదులులో ముందుకు జారుతుంది, మడమ వెనక ఖాళీ, నడక తడబాటు. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లాలో కలిసిన తడ దగ్గర అపాచీ ఫ్యాక్టరీలో మా పల్లెల ఆడవాళ్లు వేలమంది అడిడాస్ బూట్లు కుడుతున్నారు. శ్రీకాళహస్తి దగ్గర ఇనగలూరులో ఆ సంస్థ ఇంకో ఫ్యాక్టరీకి అదే ఏడాది జూన్‌లో శంకుస్థాపన జరిగింది. పరాయి పాదాల అచ్చుల మీద బూటు బిగించడంలో వీళ్లు ఆరితేరారు. తమ పాదాలకు సరైన అచ్చు ఇప్పుడిప్పుడే కాగితం మీదికి వచ్చింది.

చట్టాలు చెప్పు దగ్గరికి చాలా ఆలస్యంగా వచ్చాయి. లండన్‌లో 2015లో ఫ్లాట్స్ వేసుకొచ్చిందని తాత్కాలిక రిసెప్షనిస్టు నికోలా థార్ప్‌ను ఇంటికి పంపేశారు. ఆమె పిటిషన్‌పై లక్షన్నరకు పైగా సంతకాలు పడ్డాయి, పార్లమెంటులో చర్చ జరిగింది, చట్టం మాత్రం మారలేదు. 2017లో కెనడాలోని బ్రిటిష్ కొలంబియా హీల్స్ తప్పనిసరి అనడాన్ని నిషేధించింది. మన దగ్గర పోరాటం చెప్పు గురించి కాదు, కుర్చీ గురించి. ఫ్యాక్టరీల చట్టం 1948లోనే నిలబడి పనిచేసేవాళ్లకు కూర్చునే ఏర్పాటు ఉండాలంది. చీరల కొట్లలో అమ్మాయిలకు ఆ హక్కు కేరళలో 2018లో వచ్చింది. కోళికోడ్ సేల్స్‌గర్ల్స్ సంఘం పెట్టుకుని ఏళ్ల తరబడి కొట్లాడితే వచ్చింది. తమిళనాడు 2021లో అదే దారి పట్టింది.

రెండింటినీ ఒక్క కాగితం మీద రాసింది ఫిలిప్పీన్స్. అక్కడి కార్మిక శాఖ 2017లో ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం హీల్స్ వేసుకోవాలని యజమాని బలవంతం చేయకూడదు, నిలబడే పనిలో మధ్య మధ్య కూర్చోనివ్వాలి, మడమ ఉంటే వెడల్పుగా, అంగుళానికి మించకుండా ఉండాలి. వెడల్పు వల్ల మోకాలికి ఒరిగేదేమీ లేదని కెరిగన్ అప్పటికి పదహారేళ్ల ముందే చూపించింది. మనీలా అధికారులు అది చదివినట్టు లేరు. అంగుళం దగ్గర మాత్రం వాళ్ల లెక్క కుదిరింది. పాదం వాలు తొమ్మిది డిగ్రీల లోపే ఉంటుంది. కూర్చున్నప్పుడు పాదం మీద బరువూ ఉండదు.